తెగిన ఆకుపచ్చ గీత

"చెయ్యను," అంది పేఫా.

"చేసి తీరాలి," అన్నాడు మేజర్ బిల్యోనెస్.

"నేను చేయని హత్యని ఎలా చేశానో నటించి చూపించాలా? నాకు నటన రాదు తోతో. రొట్టెలు కాల్చడం వచ్చు, తుపాకి కాల్చడం వచ్చు. బేడీలు తీయి, రెండూ చూపిస్తాను."

"తోతో కాదు, మేజర్ అనండి."

"నీకు పిస్తోలు పట్టుకోవడం నేర్పిన రోజున తోతో అనే పిలిచాను. అప్పుడు పలికావుగా."

ఫొటోలు తీయడానికి వచ్చిన కానిస్టేబుల్ కెమెరా వెనక మొహం దాచుకున్నాడు. మేజర్ వాడి వైపు ఒక చూపు చూసి, గేటు దగ్గరికి పోయి కాపలా కాయమన్నాడు. చిన్నపిల్లాణ్ణి పిలిచినట్టు తోతో అని పిలిపించుకోవడం ఏ పోలీసాఫీసరుకైనా కష్టమే. అది కూడా తన కిందివాడి ముందు అయితే మరీ కష్టం.

నెనిత పలోమార్ లోపలికి వచ్చేసరికి పరిస్థితి ఇదీ. లగునాన్ పిస్టల్ క్లబ్బులో రేకుల కప్పు కింద, కాల్పుల గీత వెనకున్న బల్ల మీద పేఫా కూర్చుని ఉంది. అరవై ఒక్క ఏళ్ళ మనిషి. బేకరీ నడుపుతుంది. ఒకప్పుడు పిస్తోలు గురిలో దేశానికే మొదటి స్థానం. చేతులకి బేడీలున్నా నడుం మాత్రం నిటారుగా ఉంది.

"నువ్వెందుకొచ్చావు పలోమార్?" మేజర్ కనుబొమలు ముడిపడ్డాయి.

"నా క్లయింటుని చూడ్డానికి. అభ్యంతరమా?"

"ఉన్నా ఆగుతావా?"

"ఆగను."

వాళ్ళిద్దరికీ పాత లెక్క ఒకటుంది. నెనిత తొమ్మిదేళ్ళు పోలీసు శాఖలో పనిచేసి, కళ్ళతో చూడనిదానికి సంతకం పెట్టనన్నందుకు బయటికి వచ్చేసింది. ఇప్పుడు ప్రైవేటుగా కేసులు పరిశోధిస్తుంది. ఆ సంతకం అడిగింది బిల్యోనెస్. అతను లంచగొండి కాడు. ఒకసారి ఒకటి అనుకున్నాడంటే ఇక పునరాలోచించడు, అంతే. నెనితకి అలాంటివాళ్ళంటే లంచగొండుల కన్నా ఎక్కువ మంట.

"ఫిస్కల్ కబల్యెరో పదకొండింటికి వస్తారు," అన్నాడతను. "ఆయన సంతకం పెట్టేదాకా మాట్లాడుకో. తర్వాత ఈమె జిల్లా జైలుకి."

ఫిస్కల్ అంటే ప్రభుత్వ ప్రాసిక్యూటరు. హత్యానేరం మీద ఆయన సంతకం పడితే బెయిలు లేదు. కేసు విచారణకి రావడానికే ఆరేడేళ్ళు పడుతుంది. ఈ వయసులో పేఫా ఆ గేటు లోపలికి వెళ్తే నడిచి బయటికి రావడం అనుమానమే. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది.

నెనిత ఆమె పక్కన కూర్చుంది. ఊళ్ళో చిన్నవాళ్ళందరికీ ఆమె నాంగ్, అంటే అక్క. "నాంగ్ పేఫా, సూటిగా అడుగుతాను. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఎక్కడున్నావు?"

"బేకరీలో, పిండి కలుపుతూ."

"ఎవరైనా చూశారా?"

"పిండి చూసింది."

"నాంగ్!"

"ఒంటరిగా ఉన్నాను ఇందాయ్ తల్లీ. దానికి నేనేం చెయ్యను? రేపొకడు చస్తాడు, సాక్షిని పక్కన పెట్టుకోవాలని ముందే తెలుస్తుందా?"

"శనివారం గోలెస్‌తో ఎందుకు గొడవ పడ్డావు? అందరూ విన్నారట."

చచ్చిపోయినవాడు విసెంతె గోలెస్, ఈ క్లబ్బు అధ్యక్షుడు. ఆదివారం సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక గురి అట్టల దగ్గరికి నడుస్తుంటే, ఎవరో ఈ రేకుల కప్పు కింద నిలబడి వీపు మీద కాల్చారు. ఒక్కటే గుండు. అది ఒంట్లోంచి దూసుకుపోయి ఎదురుగా ఉన్న ఇసుక కట్టలో కలిసిపోయింది. ఆ కట్టలో ముప్ఫై ఏళ్ళ సీసం ఉంది. అందులో ఒక గుండుని వెతకడం ఎవరి తరమూ కాదు. అందుకే, కాల్పుల గీత దగ్గర దొరికిన ఖాళీ షెల్, అంటే తూటా పేలాక బయటపడే ఇత్తడి తొడుగు, ఒక్కటే సాక్ష్యం.

పేఫా గొంతు తగ్గించలేదు. "ప్రావిన్సు జట్టు ఎంపిక పోటీలో ఒకడు మోసం చేశాడు. గురి అట్ట మీద పెన్సిల్‌తో పొడిచి పది పాయింట్ల నడిమి వలయంలో బెజ్జాలు పెట్టుకున్నాడు. గుండు పోయిన బెజ్జం చుట్టూ సీసం మసి అంటుకుంటుంది, పెన్సిల్ బెజ్జానికి ఉండదు. విసెంతె అది పట్టేశాడు. పేరు సోమవారం మీటింగులో చెప్తానన్నాడు. ఇప్పుడే చెప్పరా పిరికివాడా అని నేను అరిచాను. పెద్దమనిషి, పరువు పోతుంది, రెండ్రోజులు ఆలోచించుకోనీ అన్నాడు. ఆ జాలే వాడి కొంప ముంచింది."

"ఆ అట్టలు ఎక్కడున్నాయి?"

"ఆఫీసు గదిలో మేకుకి తగిలించాడు."

నెనిత లేచి వెళ్ళి చూసింది. మేకు ఉంది. కింద నేల మీద అట్ట చింపినప్పుడు రాలిన చిన్న మూల ముక్క కూడా ఉంది. అట్టలు లేవు.

"మేజర్, ఈ మేకుకున్నవి మీరు తీశారా?"

"మేకులు లెక్కపెట్టడానికి రాలేదు నేను." మేజర్ ప్లాస్టిక్ కవరు పైకెత్తి ఆడించాడు. "ఇదిగో, ఇది చాలు. నలభై ఐదు క్యాలిబరు షెల్. అడుగున ఆకుపచ్చ గీత. ఈ క్లబ్బులో ఆకుపచ్చ గీత ఎవరిదో గేటు దగ్గర కుక్కనడిగినా చెప్తుంది."

అది నిజమే. ఇక్కడ గురి చూసి కాల్చేవాళ్ళు ఎవరి తూటాలు వాళ్ళే నింపుకుంటారు. కాల్చాక నేల మీద కలిసిపోయిన షెల్స్‌లో ఎవరివి వాళ్ళు ఏరుకోవడానికి అడుగున రంగు గీత గీసుకుంటారు. మేజర్‌ది ఎరుపు. పేఫాది ఆకుపచ్చ. ఇంకొకడి షెల్ జేబులో వేసుకోవడమంటే ఇంకొకడి పళ్ళెంలో చెయ్యి పెట్టడమే.

"ఒకసారి చూడొచ్చా?"

"కవరు విప్పకుండా చూడు."

నెనిత సంచిలోంచి భూతద్దం తీసి వెలుతురులోకి వెళ్ళింది. షెల్ అడుగు బొత్తాం అంత. మధ్యలో ప్రైమర్, అంటే తుపాకి పిన్ను పొడవగానే నిప్పు పుట్టించే చిన్న మూత. దాని మీద పిన్ను చేసిన గుంట లోతుగా ఉంది. నెనిత చాలాసేపు చూసింది. తర్వాత పేఫా దగ్గరికి తిరిగి వచ్చింది.

"నాంగ్, తూటా ఎలా నింపుతావో మొదట్నుంచీ చెప్పు."

"రొట్టె చేసినట్టే. పాత ప్రైమర్ తీసేస్తాను. షెల్స్‌ని పొట్టులో పోసి దొర్లిస్తాను, మసీ పాత సిరా అంతా పోతుంది. కొత్త ప్రైమర్ పెడతాను. మందు తూచి పోస్తాను, పైన గుండు కూర్చి బిగిస్తాను. చివర్లో ఒక్కొక్క తూటా అడుగుని వేలితో తడుముతాను. ప్రైమర్ పైకి పొడుచుకు రాకుండా లోపలికి దిగి ఉండాలి. దిగిందని నా వేలు ఒప్పుకుంటేనే గీత గీస్తాను."

"గీత ఎక్కణ్ణించి ఎక్కడికి?"

"ఈ చివర్నుంచి ఆ చివరికి. ప్రైమర్ మీదుగా."

"ఏ ప్రైమర్?"

"ఇంకే ప్రైమర్? తెల్లది, మెత్తది. దాంతో యాభై, పసుపు దాంతో యాభై కాల్చి చూశాను. తెల్లదానికి గుండ్లన్నీ నా అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. పసుపుది సగం పేలనేలేదు." పేఫా బేడీల చేతుల్తోనే ట్రిగ్గర్ లాగి చూపించింది. "ట్రిగ్గర్ తేలిగ్గా కదలాలని సుత్తి వెనక స్ప్రింగు బలం తగ్గించుకున్నాను. నా తుపాకి దెబ్బ మెత్తన. మెత్తటి దెబ్బకి మెత్తటి ప్రైమరే పలుకుతుంది. పోటీలో ఒక్క తూటా టిక్కుమని ఊరుకుందంటే, ఇక ఆ రోజు ఇంటికి పోవడమే."

మేజర్ ఆవలించాడు. "వంటల పాఠం అయిందా?"

"అయింది," అంది నెనిత. "ఇప్పుడు తినాల్సింది మీరు."

అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది. ఫిస్కల్ సెవెరో కబల్యెరో పదిహేను నిమిషాలు ముందే వచ్చాడు. తెల్లటి పల్చటి బారోంగ్ చొక్కా, దాని కింద నడుం దగ్గర పిస్తోలు ఉబ్బెత్తుగా కనపడుతోంది. నేరస్తుల మీద కేసులు నడిపే మనిషి కదా, అది లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. ఆయనా ఈ క్లబ్బు సభ్యుడే. వచ్చే నెలలో జడ్జి అవుతాడని ఊరంతా అనుకుంటోంది.

"నాంగ్ పేఫా, నీ పాందెసాల్ రొట్టె లేక రెండ్రోజులుగా కాఫీ దిగట్లేదు," అన్నాడు బాధగా. "ఎంత పని జరిగింది! మేజర్, త్వరగా కానిద్దాం. ఆవిణ్ణి ఈ ఉక్కలో కూర్చోబెట్టకండి. కాగితాలేవీ?"

"ఒక్క క్షణం ఫిస్కల్ గారూ," అంది నెనిత.

"మీరు?"

"అడ్డం పడేదాన్ని." ఆమె క్లబ్బు అల్మరా తెరిచింది. దానికి తాళం ఎప్పుడూ ఉండదు. లోపల పేఫా కాల్చి ఏరుకున్న షెల్స్ డబ్బా ఒకటి, నింపి పెట్టుకున్న తూటాల పెట్టె ఒకటి ఉన్నాయి. డబ్బాలోంచి గుప్పెడు తీసి బల్ల మీద తలకిందులుగా నిలబెట్టింది. "మేజర్, ఇవన్నీ పేలినవే. గీత చూడండి."

మేజర్ ఇష్టం లేకుండానే వంగాడు. ప్రతి షెల్ మీదా ఆకుపచ్చ గీత ఈ అంచు నుంచి ఆ అంచుకి ఆగకుండా పోతోంది. మధ్యలో పిన్ను గుంట పడినచోట కూడా సిరా ఉంది.

"ఇప్పుడు మీ కవర్లోది చూడండి."

మేజర్ చూశాడు. భూతద్దం తీసుకుని మళ్ళీ చూశాడు. ఇత్తడి మీద అటూ ఇటూ ఆకుపచ్చ ఉంది. ప్రైమర్ మాత్రం బోసిగా ఉంది. గీత అక్కడికొచ్చి తెగిపోయి, అవతల మళ్ళీ మొదలైంది.

"సిరా చెరిగిపోయి ఉంటుంది," అన్నాడు.

"ఇన్నింటి మీద చెరగనిది దీనికొక్కదానికే చెరిగిందా? అదీ మధ్యలో గుండ్రంగా? ఆ ప్రైమర్ రంగేమిటి మేజర్?"

"... పసుపు."

"ఇవి?"

"తెలుపు. అయితే ఏం? ప్రైమర్లు దొరక్క జనం చస్తున్నారు. దొరికింది పెట్టుకుని ఉంటుంది."

"పెట్టుకుంటే ఆవిడ తుపాకిలో పేలుతుందా? మీ దగ్గర పసుపు ప్రైమర్లున్నాయి కదా, ఇప్పుడు పోలీసు షూటింగు జట్టుకి తప్ప ఎవరికీ దొరకనివి. ఆవిడ తుపాకీ మీ పెట్టెలోనే ఉంది. మందూ గుండూ లేకుండా ఉత్త ప్రైమర్ పెట్టిన షెల్స్‌తో కొట్టి చూడండి. టప్పుమంటే నేను నోరు మూసుకుని ఇంటికి పోతాను."

"అది సాక్ష్యం. ముట్టుకోకూడదు," అన్నాడు ఫిస్కల్ చప్పున.

అనకుండా ఉండాల్సింది. ఆ మాటకి మేజర్‌కి పౌరుషం వచ్చింది. తన కేసు తన చేతుల్లో పరీక్షకి నిలబడదా? కారు డిక్కీలోంచి తన షెల్స్, ప్రైమర్లు, చేతిప్రెస్సు తెచ్చాడు. మూడు షెల్స్‌కి ప్రైమర్ పెట్టాడు. సాక్ష్యం పెట్టెలోంచి పేఫా పిస్తోలు తీశాడు. తీస్తూనే మాట్లాడ్డానికి నెనిత వైపు తిరిగాడు, చేతిలో పిస్తోలూ తిరిగింది.

"ఆపు!" పేఫా గొంతు రేకుల కప్పుకి తగిలి మోగింది.

మేజర్ చెయ్యి గాల్లో ఉన్నది ఉన్నట్టు ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ప్రతి పోటీకీ ఆజ్ఞలిచ్చే గొంతది. ఆ మాట వింటే ఎవడైనా సరే ఆగాలి. ఆలోచించి ఆగడం కాదు, ఒళ్ళే ఆగిపోతుంది.

"మూతి ఇసుక వైపు పెట్టు. ఇదేనా నేను నేర్పింది?"

మేజర్ చెవులు ఎర్రబడ్డాయి. మారుమాట్లాడకుండా ఇసుక వైపు తిరిగి, మొదటి షెల్ పెట్టి ట్రిగ్గర్ లాగాడు.

టిక్.

రెండోది. టిక్.

మూడోది. టిక్.

ఆ పిస్తోలు పెట్టెలో పెట్టేసి, అవే మూడు షెల్స్‌ని తన పిస్తోల్లో పెట్టాడు. మూడూ టపాకాయల్లా పేలాయి. నెనితకి గట్టిగా నవ్వాలనిపించింది. బేడీల మనిషి పక్కనుండగా బాగుండదని ఊరుకుంది.

"ఇదంతా టెక్నికల్ గొడవ," అన్నాడు ఫిస్కల్. "మనీలా ల్యాబు రెండు వారాల్లో తేలుస్తుంది. అప్పటిదాకా ఆవిడ జైల్లో ఉంటే నష్టమేముంది? కాగితం ఇటివ్వండి."

"నష్టం ఎవరికి ఫిస్కల్ గారూ? మీకా?" నెనిత అల్మరాలోని పెట్టె తెచ్చి మూత తీసింది. నిండా తూటాలు. ఒక్క గడీ కూడా ఖాళీగా లేదు. "నాంగ్ నింపిన తూటాలు. తాళం లేని అల్మరాలో ఉన్నాయి. ఆవిడ మీదికి నేరం తోయాలనుకున్నవాడు ఇందులోంచి ఒకటి తీసుకుంటే పోయేది. గీతా ఉండేది, తెల్ల ప్రైమరూ ఉండేది, నాలాంటిది వెయ్యి భూతద్దాలు తెచ్చినా దొరికేవాడు కాదు. వాడు మాత్రం ఖాళీ షెల్ ఏరుకుపోయి, ఇంట్లో కూర్చుని, గీత పడ్డ పాత ప్రైమర్ తీసేసి, తన ప్రైమరూ తన మందూ పెట్టి నింపుకొచ్చాడు. ఎందుకంత కష్టం?"

ఆమె ఒక తూటా తీసి అరచేతిలో పెట్టి చాచింది. "మేజర్, ఇది మీ పిస్తోల్లో పెట్టి కాలుస్తారా?"

"ఇంకొకరి చేతి తూటా నా తుపాకిలోనా? పిచ్చా?"

"ఫిస్కల్ గారూ, మీరు?"

"ససేమిరా," అన్నాడాయన అలవాటుగా.

"అదీ సంగతి. దేశంలో మొదటి గురి ఆవిడది. అయినా ఆవిడ నింపిన తూటాని మీరెవ్వరూ నమ్మరు. మందు ఎక్కువైతే తుపాకి పగులుతుంది, తక్కువైతే గుండు గొట్టంలో ఇరుక్కుంటుంది. ఎవడి చావు వాడే నింపుకోవాలి. మనిషిని చంపడానికి సిగ్గుపడనివాడు కూడా ఆ ఒక్క నియమం తప్పలేకపోయాడు. వాడు ఈ క్లబ్బువాడే. తూటాలు చేత్తో నింపేవాడే. పసుపు ప్రైమర్లున్నవాడు." నెనిత మేజర్ కళ్ళలోకి చూసింది. "పోలీసు జట్టులో మిగతా ఇద్దరూ కంపెనీ తూటాలే వాడతారు. నింపుకునేది మీరొక్కరే. ఆదివారం ఆరింటికి ఎక్కడున్నారు మేజర్?"

"నన్నంటావా?" అతని మెడ నరం ఉబ్బింది. "చర్చిలో ఉన్నాను! కోరస్‌లో పాడుతున్నాను! ఊరు ఊరంతా చూసింది. ఆ ప్రైమర్లు నా చెయ్యి దాటి బయటికి పోలేదు. నేను ఎవరికీ..."

ఆగిపోయాడు.

నెనిత వేసింది గుడ్డిదెబ్బ. ఎవరికి తగులుతుందో ఆమెకీ తెలియదు. మేజర్ మొహంలో కోపం మెల్లగా దిగిపోతోంది. దాని వెనక నుంచి ఇంకేదో పైకొస్తోంది. ఆమె ఎరిగిన పదకొండేళ్ళలో మొదటిసారి బిల్యోనెస్ ఒకసారి అనుకున్నదాన్ని తిరిగి ఆలోచిస్తున్నాడు. అలా ఆలోచించడం ఆ మనిషికి ఒంటి నొప్పిలా ఉందని చూస్తేనే తెలుస్తోంది.

"ఒక్కరికే ఇచ్చాను," అన్నాడు చివరికి. "పుట్టినరోజుకి. ప్రైమర్లు దొరకట్లేదు, ఎంపిక పోటీ దగ్గరికొచ్చింది అంటే... ఒక పెట్టె."

అతను తలతిప్పి ఎవరి వైపు చూశాడో పేఫా కూడా చూసింది. "పెద్దమనిషి," అంది ఆమె మెల్లగా. "పరువున్న మనిషి. అయ్యో విసెంతె."

వచ్చే నెల జడ్జి కాబోయే మనిషి పెన్సిల్‌తో బెజ్జాలు పొడుచుకున్నాడని సోమవారం తెలిస్తే, మంగళవారానికి ఆ ఉద్యోగం ఉండదు. నెనితకి మేకూ, చిరిగిన మూల ముక్కా, పదిహేను నిమిషాలు ముందే వచ్చిన కారూ అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

ఫిస్కల్ కబల్యెరో నవ్వాడు. ఇక్కడివాళ్ళ ఇలోంగో భాషలో మాట ఎంత కోపంలోనైనా మెత్తగానే వస్తుంది. ఆయన మాట ఇంకా మెత్తగా ఉంది. "మేజర్, ఎండకి నీ బుర్ర వేడెక్కింది. ఆ కవరు ఇలా ఇవ్వు. సాక్ష్యం నా దగ్గర భద్రంగా ఉంటుంది. ఇది నా ఆజ్ఞ."

చేయి చాచాడు. ఆ కవర్లోని షెల్ తప్ప ఈ లోకంలో వేరే సాక్ష్యం లేదు. అది ఆ చేతిలో పడితే పేఫా మళ్ళీ పొయ్యి ముందు నిలబడదు.

మేజర్ కవరు వైపు చూశాడు. బేడీల వైపు చూశాడు. పిడికిలి మూసేశాడు.

"ఇవ్వను సార్."

"ఏమన్నావు?"

"ఇవ్వనన్నాను."

అతని పిస్తోలు బల్ల మీద ఉంది, ఖాళీగా. పేఫాది పెట్టెలో ఉంది. కానిస్టేబుల్ గేటు దగ్గర ఉన్నాడు, పిలిస్తే వినపడనంత దూరంలో. తూటా నింపిన తుపాకి ఈ కప్పు కింద ఒక్కటే ఉంది. చాచిన చేయి వెనక్కి తగ్గి, తెల్లచొక్కా అంచు పైకెత్తి, నడుం దగ్గరికి జారడం నెనిత చూసింది. తన సంచిలో భూతద్దం తప్ప ఏమీ లేదు. అయినా ఆమె కదిలి పేఫాకి అడ్డంగా నిలబడింది.

వెనక బేడీలు గలగలమన్నాయి. పేఫా లేచి నిలబడింది.

"ఆపు!"

ఇరవై ఏళ్ళ అలవాటు. పిస్తోలు పిడి మీద పడిన ఫిస్కల్ చేయి అక్కడే ఆగిపోయింది.

ఆగింది గానీ, పిడిని వదల్లేదు.